రాగి గంజి పెట్టిన రెండు యూనిఫాంలు

ఆ రోజుల్లో మా బంగారు గనుల ఊళ్లో మగపిల్లాడు పుడితే వాడికి మూడే దారులు అనేవాళ్లు. పొద్దున్నే బెంగుళూరు రైలెక్కడం, రాత్రికి బెంగుళూరు రైలు దిగడం, రెండూ కుదరకపోతే స్టేషన్లో కూర్చుని ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ చూడడం. గనులు మూతబడి అప్పటికే చాలా కాలమైంది. మా తాతలు చిత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చి భూమి అడుగుకు దిగినవాళ్లు, మా నాన్నలు పైకి వచ్చి రైలెక్కినవాళ్లు. మేమేమో యాడికి పోవాలో తెలియక గని కార్మికుల లైన్ ఇళ్ల ముందు క్రికెట్ ఆడుకునేవాళ్లం. నేను మాత్రం ఆ మూడు దారులూ వద్దనుకున్నాను. మిలిటరీ ఆఫీసరు అవుతానన్నాను. ఈ మాట ఇంట్లో మొదటిసారి చెప్పినప్పుడు నాన్న రైలు అలసటలో నిద్రపోతున్నాడు, అమ్మ "ముందు డిగ్రీ పాసవ్వు" అంది. మా అవ్వ ఒక్కతే శ్రద్ధగా విని, "ఆఫీసరంటే టోపీ ఇస్తారా?" అని అడిగింది. ఇస్తారన్నాను. "అట్లయితే పో" అంది. ఇంట్లో నాకు దొరికిన పర్మిషన్ అదొక్కటే.

ఆఫీసరు కావడానికి నేను ఒక దారి చాలదని రెండు దారులు పట్టుకున్నాను. ఒకటి కాలేజీలో కేడెట్ల శిక్షణ. క్లాసులయ్యాక ఖాకీ వేసుకుని మైదానంలో కవాతు, మ్యాపులు చదవడం, పదిమందిని నడిపించడం. దీన్ని బాగా ముగించినవాడిని రాత పరీక్ష లేకుండా నేరుగా ఆఫీసర్ల ఇంటర్వ్యూకి పంపుతారు. రెండోది వేరే సంగతి. అది ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునేవాళ్లకు సెలవు రోజుల్లో సైన్యం నేర్పి, దేశానికి అవసరమైతే పిలుస్తామని చెప్పి ఉంచుకునే దళం. అందులో నేను మామూలు సిపాయిని. సిపాయి కష్టం తెలిసినవాడే మంచి ఆఫీసరవుతాడని ఎవరో అనగా విని చేరాను. (ఒకేసారి రెండింటిలో ఉండవచ్చా అని నియమాలు తెలిసినవాళ్లు నన్ను అడగొద్దు. అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, అడగనిదే చెప్పేంత సత్యసంధులం మేమూ కాదు.) మా అవ్వ వీటికి తన పేర్లు పెట్టుకుంది. మొదటిది కాలేజీ మిలిట్రీ, రెండోది ఆదివారం మిలిట్రీ.

ఈ రెండు మిలిట్రీల మధ్య నా పరువు తూగుటుయ్యాల లాగా ఊగేది. కాలేజీలో నేనే సీనియర్ కేడెట్‌ని. భుజం మీద ఎర్ర పట్టీ, చేతిలో చిన్న కర్ర, ఎదురుగా వణికే జూనియర్లు. ఆదివారం వచ్చేసరికి నేను మూడో వరసలో కొసన నిలబడే సిపాయిని, నన్ను వణికించేవాడు మా గంటప్ప. గంటప్ప అంటే మా కాలేజీ అటెండరు. గంట కొట్టేది ఆయనే కాబట్టి తరతరాల విద్యార్థులు పెట్టిన పేరది. సోమవారం నుంచి శనివారం దాకా టీ ఫ్లాస్కు పట్టుకుని స్టాఫ్ రూముకూ ఆఫీసుకూ మధ్య తిరుగుతూ, నన్ను చూస్తే "ఏమప్పా, బిసిలు ఎక్కువగా ఉండాది, నీడన నిలబడు" అని మెత్తగా అనే మనిషి. అదే మనిషి ఆదివారం మచ్చల పచ్చ యూనిఫాం తొడుక్కుంటే నాకు కవాతు నేర్పే ఉస్తాదు. "ఏయ్ సిపాయి! అది కాలా, పందిరి గుంజా? ఎత్తరా!" అని అరిస్తే పక్క లైన్లలో కోళ్లు కూడా గంప కిందికి దూరేవి. గుండీ దగ్గర దారం వేలాడితే చాలు, కప్పగంతులు. "దారం యేలాడితే మనిషి యేలాడతాడు, మనిషి యేలాడితే పటాలం యేలాడతాది" అనేవాడు. ఇంక సోమవారం మైదానంలో నేను జూనియర్ల మీద గొంతు చించుకుంటూ ఉంటే, ఆయన టీ ట్రేతో పక్కనుంచి పోతూ నా బూటు వైపు ఒక్క చూపు చూసేవాడు. నేను వెంటనే వంగి లేసు కట్టుకునేవాణ్ణి. ఇంత పెద్ద సీనియర్, ఒక అటెండరుకు ఎందుకు వంగి దండం పెడుతున్నాడో తెలియక జూనియర్లు తలలు గోక్కునేవాళ్లు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి గతి ఏమవుతుందో నాకు ఆ ఏడు ఆగస్టు పదిహేనుకు తెలిసొచ్చింది. ఊరి మైదానంలో పరేడ్. అందులో ఆదివారం మిలిట్రీ ఉంది, కాలేజీ మిలిట్రీ ఉంది, రెండింట్లోనూ నేనున్నాను. కేడెట్లను చూసుకునే మా కామర్స్ లెక్చరరు సారు ముందే చెప్పేశాడు. బెంగుళూరు నుంచి కర్నల్ వస్తున్నాడు, కేడెట్లను ముందుండి నడిపించినవాళ్ల పేరే ఇంటర్వ్యూకి పోతుంది. "నువ్వు రాకపోతే నంగలి అమ్మాయి నడిపిస్తాది, చూసుకో" అన్నాడు. నంగలి నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ అమ్మాయి నా తర్వాతి సీనియర్. నాకు జ్వరం రావాలని కురుడుమలె వినాయకుడికి మొక్కుకుందని కాలేజీ అంతా చెప్పుకున్నారు. అటువైపు సంగతి అదయితే, ఇటువైపు సంగతి పాలబూతు దగ్గర గంటప్ప భార్య మా అవ్వకు చెప్పింది. ఆయనకు వయసు మీరిందట. ఈ పరేడే ఆఖరిది, ఆ తర్వాత యూనిఫాం అప్పగించేయాలి. ఇన్నేళ్లూ వరసల్లో నడిచినవాడికి ఈసారి మాత్రం ప్లాటూన్ ముందు నడిచే అవకాశమిచ్చారు. "నా వరసల్లో ఒక్క జాగా కూడా ఖాళీ ఉండకూడదు అని నిద్దర్లో కూడా కలవరిస్తా ఉండాడమ్మా" అని ఆమె నవ్వుతూ చెప్పిందట. అవ్వ ఆ మాట ఇంటికి తెచ్చి నా ముందు పెట్టి, వక్క నములుతూ కూర్చుంది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇటు పోతే నా జీవితం, అటు పోతే ఆయన ఆఖరి ముచ్చట. రెండింట్లో ఏదీ వదులుకోలేను.

ఉపాయం చెప్పింది మా మేనత్త కొడుకు. నాకు బావ, ఊళ్లో ఆటో నడుపుతాడు, ప్రపంచంలో ఏ సమస్యనైనా స్టీరింగ్ మీద గోరుతో టకటకలాడిస్తూ తీర్చేస్తాడు. "దీనికింత యోచనెందుకు రా? ఆదివారం మిలిట్రీ ముందు పోతాది. కాలేజీ మిలిట్రీ ఆఖర్లో. మధ్యలో పోలీసులు, ఇస్కూలు పిల్లోళ్లు. లోపల ఖాకీ తొడుక్కో, దాని మీద పచ్చది తొడుక్కో. మొదటిదయినంక స్టేజీ ఎనక నా ఆటోలో దూరు, పైది లాగేసేది, ఎగిరేసేది. ఆఖర్లో అందరూ నిలబడేటప్పుడు మళ్లీ పైది తగిలించుకో. సుమ్నె పని!" అన్నాడు. నాకు కూడా సుమ్నె పనిలాగే కనిపించింది. ఆ వయసులో ఏ పనయినా బావ చెబితే సులువుగానే ఉండేది.

ముందు రోజు సాయంత్రం అవ్వ నా రెండు జతలకూ గంజి పెడతానని కూర్చుంది. ఊళ్లో అందరూ బియ్యం గంజి పెడతారు. మా అవ్వకు బియ్యం మీద ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదు. రాగి పిండిని పలచగా కాచి, పాత చీర పేలికలో వడగట్టి, అందులో ముంచింది. నేను లబలబలాడితే, "బియ్యం గంజికి బలం యాడుండాది రా? గాలొస్తే వంగిపోతాది. మీ తాత రాగి అంబలి తాగి గనిలోకి దిగినాడు, ఒక్కనాడన్నా వంగినాడా?" అంది. (తాత గనిలో వంగకుండా ఎలా పనిచేశాడని నేను అడగలేదు. అవ్వతో అట్లాంటి ప్రశ్నలు వేసి బతికిబట్టకట్టినవాళ్లు మా ఇంట్లో లేరు.) తెల్లారి చూస్తే తీగ మీద రెండు యూనిఫాంలూ లోపల మనుషులున్నట్టే నిలబడి ఉన్నాయి. ఖాకీ కాస్త ముదురు రంగుకు తిరిగింది. ఒకదాని మీద ఒకటి తొడుక్కుని అడుగు వేస్తే అప్పడాలు విరిగిన చప్పుడు. మోకాలు వంగదు, మోచెయ్యి వంగదు. ఆటోలో కూర్చోవడం కుదరక వెనక సీటు మీద నిచ్చెన పడుకోబెట్టినట్టు నన్ను అడ్డంగా పడుకోబెట్టారు. నా కాళ్లు ఒకవైపు బయటికి, అవ్వ ఇంకోవైపు వక్కల సంచితో. మనవడి టోపీ చూడకుండా ఉండనని ఆమె కూడా బయలుదేరింది.

మైదానంలో గంటప్ప మా వరసలు తనిఖీ చేస్తూ నా ముందు ఆగాడు. పైనుంచి కిందికి చూశాడు. "ఏమిరా, రాత్రికి రాత్రి బలిసినావు?" అన్నాడు. "గంజి, ఉస్తాద్" అన్నాను. నా చొక్కా మీద వేలితో కొట్టి చూసి, తలుపు కొట్టిన చప్పుడొస్తే, కనుబొమ్మలెగరేసి ముందుకు పోయాడు. మేము అడుగు కదిపేసరికి తుంపర మొదలైంది. మా ఊరి ఆగస్టు తుంపర సంగతి తెలిసిందే, గొడుగు తెరిచేంత ఉండదు, తడవకుండా వదలదు. కానీ ఆ కాసేపు నాకు వాన గుర్తులేదు, లోపలి ఖాకీ గుర్తులేదు. స్టేజీ దగ్గరికి రాగానే ముందు నడుస్తున్న ఆ పొట్టి మనిషి "దాహినే దేఖ్!" అని అరిచిన అరుపు ఉంది చూశారూ, రోజూ గంట కొట్టేవాడి గొంతులో అంత పెద్ద గంట ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మా తలలన్నీ ఒక్కసారి కుడికి తిరిగాయి. నేను ఈ వరసలో ఉన్నందుకు నాకు గర్వమనిపించింది. ఆఫీసరు కాకపోయినా ఫరవాలేదని కూడా ఒక క్షణం అనిపించింది, ఒక్క క్షణమే.

మైదానం అవతలి పక్కన మా ప్లాటూన్ ఆగగానే, "ఉస్తాద్, కడుపు..." అని నసిగాను. "పో" అన్నాడు, నా మొహం చూడకుండానే. పరిగెత్తి ఆటోలో దూరాను. గుండీలు విప్పాను. గుండీలు విడివడ్డాయిగానీ చొక్కా విడివడలేదు. తుంపరకు తడిసిన రాగి గంజి, ఒంటి వేడికి ఉడికి, రెండు చొక్కాలనూ అతికించేసింది. బావ పచ్చ చెయ్యి పట్టుకుని లాగితే ఖాకీ చెయ్యి కూడా వచ్చింది. ప్యాంటు లాగబోతే రెండూ కలిసి మొత్తానికే దిగబోయాయి. పట్టుకున్నాను. బావ సీసాలోని నీళ్లు పోశాడు, అది ఇంకా జిగురెక్కింది. ఆ వాసనకు స్టేజీ వెనక తిరిగే ఆవొకటి వచ్చి ఆటోలోకి మూతి పెట్టి నా మోచెయ్యి నాకడం మొదలుపెట్టింది. "అవ్వా, నీ గంజి చూడు ఏం చేసిందో!" అని ఏడుపు గొంతుతో అరిచాను. అవ్వ నా భుజం తడిమి చూసి, "చూసినావా, ఎంత గట్టిగా పట్టుకున్యాదో!" అంది. ఆ గొంతులో గర్వం తప్ప ఇంకేమీ లేదు.

అవతల బ్యాండు మారింది. స్కూలు పిల్లలు కదిలారు. వాళ్ల తర్వాత మా కేడెట్లే. అవ్వ వక్కల సంచిలోంచి అడకత్తెర తీసి, "కోసేద్దాం పట్టు" అంది. వద్దన్నాను. పైన ఉన్నది దళం వాళ్ల యూనిఫాం. అది కోస్తే ఆఖర్న మళ్లీ మా దళంతో నిలబడడానికి నాకు బట్టల్లేవు. గంటప్ప ఆఖరి పరేడ్‌లో ఆయన వద్దనుకున్న ఖాళీ జాగా నాదే అవుతుంది. కోయకపోతే ఖాకీ బయటికి రాదు, కర్నల్ ముందు నేను లేను, ఇంటర్వ్యూ లేదు. నేను ఆటో కడ్డీ పట్టుకుని నిజంగానే ఏడ్చాను. ఇరవై ఏళ్లవాడు ఆవు చేత నాకించుకుంటూ ఏడుస్తుంటే చూడ్డానికి ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుందిగానీ, అప్పుడు నా గుండె నిజంగానే పగిలింది.

తలెత్తితే ఆటో పక్కన గంటప్ప. కడుపు నొప్పి అన్న సిపాయి మరుగుదొడ్డి వైపు కాకుండా ఆటో వైపు పరిగెత్తడం ఆయన చూడకుండా ఉంటాడా? నా మెడ దగ్గర పచ్చ కాలరు కింద ఖాకీ కాలరు కనిపిస్తోంది. దాచడానికింక ఏమీ లేదు. అంతా చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నీకు రెండు పరేడ్లు ఉండాయని నాకు తెలీదా? మీ సారు రాసిన నోటీసు బోర్డుకు అంటించింది నేనే కదప్పా" అన్నాడు. "నువ్వు మాకు రావనుకున్నా. కాలేజీ మిలిట్రీకే పోతావనుకున్నా. వచ్చినావు."

ఒంటి మీద యూనిఫాం ఉండగా ఆయన నన్ను అప్పా అనడం అదే మొదటిసారి. వేలాడే దారానికి కప్పగంతులు వేయించిన మనిషి అవ్వ చేతిలోంచి అడకత్తెర తీసుకున్నాడు. "తిరుగు" అన్నాడు. నేను తిరగలేదు. "ఉస్తాద్, మీ వరసలో నా జాగా..." అన్నాను. "నా వరస సంగతి నేను చూసుకుంటా. నాది అయిపోయింది, నీది ఇంగా మొదలే పెట్టలేదు. తిరుగప్పా, పిల్లోళ్లు దాటిపోతా ఉండారు." కాలరు నుంచి నడుం దాకా వీపు మీద కరకరమని కోశాడు. ఆ గట్టిదనానికి కత్తెర కూడా పనికొచ్చేది కాదు, అడకత్తెరే సరిపోయింది. తర్వాత ప్యాంటు కాళ్లు. బావ ఒకవైపు, ఆయన ఒకవైపు పట్టుకుని, పనసకాయ పొట్టు తీసినట్టు నా మీద నుంచి పచ్చ బట్టను ఒలిచారు. అవ్వ తన కొంగుతో నా ఖాకీ తుడుస్తూ ఉంది. "పరిగెత్తు" అన్నాడు గంటప్ప. పరిగెత్తాను.

నంగలి అమ్మాయి అప్పటికే ముందు నిలబడి ఊపిరి బిగబట్టి ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. ఆ జరగడంలో వినాయకుడి మీద కోపం కూడా కొంచెం ఉంది. లెక్చరరు సారు గాలి పీల్చి, "ఏమిటీ వాసన?" అన్నాడు. "అంబలి సార్" అంది ఆ అమ్మాయి. నేను కేడెట్లను నడిపించాను. బాగానే నడిపించానని చెప్పారు. నాకేమో స్టేజీ గుర్తులేదు, కర్నల్ మొహం గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆఖరి ఫాలిన్‌లో అన్ని దళాలూ మైదానంలో వరసలు కట్టి నిలబడినప్పుడు మా ఆదివారం మిలిట్రీ వైపు చూసిన చూపు. ఒక మనిషి తగ్గితే పక్కవాళ్లను జరిపి ఖాళీ కనపడకుండా మూసేయడం మాకు ఎన్నో ఆదివారాలు నేర్పిన పాఠం. నేర్పింది గంటప్పే. కానీ మూడో వరస కొసన నా జాగా అట్లే ఉంది. ఎవరినీ జరపలేదు. ఆ ఖాళీని అట్లే ఉంచుకుని, దాని ముందు ఆయన కర్రలా నిటారుగా నిలబడి ఉన్నాడు. నాకు కళ్లు మసకబారి జెండా కనపడలేదు.

అంతా ముగిశాక కోసిన యూనిఫాం చంకలో పెట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. జూనియర్లు నా వెనకే వచ్చారు. ఆయన నన్ను చూసి మడమలు దగ్గరికి చేర్చాడు. "సిపాయి!" మళ్లీ పాత అరుపే. "ఆఖరి ఫాలిన్‌లో యాడ పోయినావు?" "లేను, ఉస్తాద్." "శిక్ష ఉండాదా, లేదా?" "ఉంది, ఉస్తాద్." "కప్పగంతులు. శురూ!" భుజం మీద ఎర్ర పట్టీతో, కర్నల్ కారు ఇంకా కదలకముందే, నా జూనియర్లందరి ఎదుట కూర్చుని గెంతడం మొదలుపెట్టాను. ఆయన గట్టిగా లెక్కపెట్టాడు. కాసేపటికి లెక్క నెమ్మదించింది. ఇంకాసేపటికి ఆగిపోయింది. ఊపిరి తీసుకుంటున్నాడేమో అనుకుని నేను గెంతుతూనే ఉన్నాను. ఓరగా చూస్తే ఆయన మా వైపు లేడు, గని మట్టి పోసిన సైనైడు దిబ్బల వైపు తిరిగి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. భార్య వచ్చి ఆ టోపీ తీసుకుని కొంగుతో తుడిచింది. ఇద్దరూ మెల్లగా గేటు వైపు నడిచిపోయారు. ఆపమని ఆయన చెప్పలేదు. మా జూనియర్లలో ఒక్కడు కూడా నవ్వలేదు. చివరికి అవ్వ వచ్చి నా చెవి పట్టుకుని లేపింది.

నన్ను ఇంటర్వ్యూకి పంపారు. పోయినంత వేగంగానే తిరిగొచ్చాను. గుంపులో చర్చ పెడితే అందరినీ ముందు మాట్లాడనిచ్చి నేను తర్వాత మాట్లాడదామనుకున్నాను, ఆ తర్వాత అనేది రానేలేదు. రైలు దిగి ఇంటికొస్తే అవ్వ, "టోపీ ఇయ్యలేదా? పోనీలే, దానికి గంజి పట్టదు" అంది. ఇప్పుడు మాలూరు వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. బెంగుళూరు రైలు ఎక్కకుండా తప్పించుకున్నానుగానీ, మా ఆవిడను తప్పించుకోలేకపోయాను. (ఆ నంగలి అమ్మాయే. ఆ రోజు పరేడ్ నడిపించనివ్వలేదని ఇప్పుడు ఇల్లు నడిపిస్తోంది.)

ఆదివారాలు మాత్రం ఇప్పటికీ పచ్చ యూనిఫాం తొడుక్కుని పోతాను. నాకూ వయసు మీరే రోజు దగ్గరపడింది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మొన్న కూడా బూట్లు వేసుకుంటుంటే మా ఆవిడ, "ఆఫీసరు కాలేదు, హవల్దారన్నా కాలేదు, ఇంగ ఎన్నాళ్లు ఈ గంతులు?" అని అడిగింది. లేసు బిగించి కట్టుకుంటూ నాలో నేను నవ్వుకున్నాను. ఏం చెప్పను? మా ఉస్తాదు ఆపమనలేదు కదా.